పద్నాలుగో నంబరు కారు

చెన్నై,
3 ఫిబ్రవరి 2025

పెదనాయనకు,

హెప్సిబా వందనాలు. ఫోన్ చేస్తే మీకు వినపడదు. మెసేజ్ పెడితే మీ బటన్ల ఫోన్‌లో తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తాయి. అందుకని పోస్టాఫీసును మళ్లీ పనిలో పెడుతున్నాను.

నేను రికార్డులు చూసుకునే మోటారు క్లబ్బుకు ఈ ఆగస్టులో అరవై ఏళ్లు నిండుతాయి. ఉత్సవానికి ఒక పుస్తకం వేస్తున్నారు. 1969 నుంచి 1984 దాకా క్లబ్బు ఏటా నడిపిన పన్నెండు గంటల కార్ల పందెం చరిత్ర రాసే పని నాకు వచ్చింది. మా సెక్రటరీ వరదన్ గారు నన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, నాకు కార్ల గురించి ఏమీ తెలియదు కాబట్టి ఎవరి పక్షమూ పట్టనట.

మద్రాసు బయట యుద్ధకాలం నాటి పాత విమానాల మైదానం ఒకటి ఉండేది. పందెం అక్కడే. ఉదయం ఆరింటికి జెండా ఊపితే సాయంత్రం ఆరు దాకా అదే దారిలో చుట్లు కొట్టాలి. ఎవరు ఎక్కువ చుట్లు కొడితే వాళ్లు గెలిచినట్టు. ఒక్కో కారుకు ఇద్దరు డ్రైవర్లు, వంతులవారీగా.

మీకు రాయడానికి కారణం ఉంది. 1977 రిజిస్టరులో పద్నాలుగో నంబరు కారు దగ్గర "తయారీ: మార్కాపురం" అని ఉంది. డ్రైవరు పేరు ఆదినారాయణ, ఊరు రాచర్ల. ఆయన మన ఊరి ఆదినారాయణ గారేనా? మీరు ఆ రోజుల్లో పలకల లారీ మీద మద్రాసు వచ్చేవారు కదా, ఆ పందెం ఎప్పుడైనా చూశారా?

పెద్దమ్మను అడిగానని చెప్పండి.

హెప్సిబా


రాచర్ల,
11 ఫిబ్రవరి 2025

అమ్మా హెప్సిబా,

ఇక్కడ దేవుని దయవల్ల అన్నీ నడుస్తున్నాయి, మీ పెద్దమ్మ దీనమ్మ కుడి మోకాలు తప్ప. దాన్ని మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపొమ్మంటుంది. తీసుకుపోతే బస్సు ఎక్కలేనంటుంది. నూనె రాస్తున్నాము.

పన్నెండు గంటలు తిరిగి బయలుదేరిన చోటనే ఆగే ప్రయాణానికి చరిత్ర ఉంటుందని ఇప్పుడే వింటున్నాను. నేను గిద్దలూరు-హైదరాబాదు బస్సు ఇరవై ఆరేళ్లు నడిపాను. ప్రతిసారీ వేరే ఊరికి చేరింది. ఎవరూ పుస్తకం వేయలేదు.

ఆదినారాయణ మన ఊరివాడే. శనగ వేస్తాడు. ఈ ఏడు పర్వాలేదు. ఆయన గురించి రాయడానికి ఏమీ ఉండదు, వేరేవాళ్ల గురించి రాయి. నేను పందెం చూడలేదు. పలకలు హార్బరులో దింపి తిరిగి రావడానికే పొద్దు చాలేది కాదు. కావాలంటే ఆ మైదానం గురించి రాసుకో. మూడో మలుపు దగ్గర ఇసుక ఎక్కువ. చదివేవాళ్లకు ఉపయోగపడుతుంది.

చలిలో తలకు నూనె లేకుండా తిరగవద్దు. చెన్నైలో చలి ఉండదని నాకు తెలుసు, మీ పెద్దమ్మ రాయమంది.

ఏబేలు


చెన్నై,
19 ఫిబ్రవరి 2025

పెదనాయనకు,

ఉత్తరం అందింది. తలకు నూనె రాసుకున్నాను.

చరిత్ర సగం అయింది. మీరు నవ్వుతారు కానీ చాలా బాగుంది. మొదటి ఏడు పదకొండు కార్లు బయలుదేరితే నాలుగు మిగిలాయి. గెలిచింది అంబాసిడర్. మిగతావాళ్లు దానికంటే వేగంగా పోయారు, అయితే మధ్యలో ఆగిపోయారు. తర్వాత్తర్వాత స్పోర్ట్సు కార్లు వచ్చాయి. వచ్చాయంటే ఎక్కడినుంచో కాదు. ఫియట్ కొని, కప్పు కోసేసి, తలుపులు పీకేసి, రేకులతో ఒళ్లు కట్టుకునేవారు. 1974లో ఒకాయన అమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చిందని మధ్యలో కారు ఆపి, కూర్చుని భోంచేసి, మూడోవాడిగా వచ్చాడు. 1984లో స్థలం వేరే పనికి పోయింది. పందెం అయిపోయింది. ఇప్పుడు మైదానంలో సగం గోదాములు.

ఇక 1977 పేజీ. ఆదినారాయణ గారి గురించి రాయడానికి ఏమీ ఉండదన్నారు. క్లబ్బు చరిత్రలో అందరికంటే ఎక్కువ ఉన్నది ఆయన గురించే. నేను రాసినది ఇది:

"మధ్యాహ్నం మూడు గంటలకు పద్నాలుగో నంబరు కారు నుంచి నూనె కారుతోందని గమనించి అధికారులు నల్ల జెండా చూపారు. నల్ల జెండా చూపిస్తే ఆ చుట్టు పూర్తి కాగానే లోపలికి రావాలి. డ్రైవరు ఆర్. ఆదినారాయణ రాలేదు. పెట్రోలు అయిపోయేదాకా మరో నలభై ఒక్క చుట్లు కొట్టాడు. ఆ నూనె మీద ఆరో నంబరు కారు జారి గడ్డిమోపులకు గుద్దుకుంది, దాని డ్రైవరు చెయ్యి విరిగింది. విచారణలో ఆదినారాయణ 'నేనే నడిపాను, చెప్పేదేమీ లేదు' అన్నాడు. క్లబ్బు అతణ్ణి జీవితాంతం నిషేధించింది."

చిత్రమేమంటే పందెం చరిత్రలో అన్నిటికంటే వేగమైన చుట్టు కూడా ఆ నలభై ఒకటిలోనే ఉంది. ఒక నిమిషం నలభై నాలుగు సెకన్లు. చివరిదాకా ఎవరూ దాటలేదు. క్లబ్బువాళ్లు ఆయన్ని తీసేశారు కానీ రికార్డు తీసేయడం మరిచిపోయారు.

ఆయన మీకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను. ఎందుకు అట్లా చేశారో ఎప్పుడైనా చెప్పారా?

హెప్సిబా


రాచర్ల,
27 ఫిబ్రవరి 2025

హెప్సిబాకు,

ఆ పేజీ తీసేయి.

ఆదినారాయణ అటువంటి మనిషి కాదు. ఆయన పందెంలో కారు నడిపాడని ఊళ్లో తెలుసు. నిషేధం సంగతి తెలియదు. మద్రాసు నుంచి వచ్చిన రోజు మొదలు ఆయన స్టీరింగు ముట్టుకోలేదు, సొంత ట్రాక్టరుది కూడా. క్లబ్బు చెప్పింది పందేల వరకే అని నేను చెప్పి చూశాను. "నిషేధమంటే నిషేధమే" అన్నాడు. గిద్దలూరికి కూడా ఆటోలో పోతాడు. కళ్లు బాగుండవని ఊరంతా అనుకుంటుంది. ఆయన కళ్లు నా కళ్లకంటే బాగుంటాయి.

పుస్తకం మనవళ్లు చదువుతారు.

మోకాలు అట్లనే ఉంది.

ఏబేలు


చెన్నై,
6 మార్చి 2025

పెదనాయనకు,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు కోపం వచ్చింది, దాచి రాయడం చేతకాదు.

ఒకాయన చెయ్యి విరిగింది. ఆ సంగతి మీరు ఒక్క మాట రాయలేదు. ఆదినారాయణ గారి పరువు గురించి మాత్రం రాశారు. నా చిన్నప్పుడు ఆయన మన వీధిలోకి వస్తే మీరు మంచం మీదినుంచి లేచి నిలబడేవారు. ఆయన కూర్చుంటే గానీ కూర్చునేవారు కాదు. ఆయనకు భూమి ఉంది, మనకు లేదు, అంతేగా. ఇన్నేళ్లు గవర్నమెంటు బస్సు నడిపారు, పింఛను తీసుకుంటున్నారు, ఇంకా ఆయన కోసం నిలబడుతున్నారు. నేను నిలబడను. జరిగింది జరిగినట్టు వేస్తాను.

ఇంకొకటి. పందెం చూడలేదన్నారు. మూడో మలుపు దగ్గర ఇసుక ఉంటుందని ఎట్లా తెలుసు? హార్బరుకు పోయే దారిలో ఆ మైదానం లేదు, మ్యాపు చూశాను.

పెద్దమ్మకు మోకాలి పట్టీ పంపుతున్నాను. పగలు కట్టుకుని, పడుకునేటప్పుడు తీసేయాలి.

హెప్సిబా


రాచర్ల,
14 మార్చి 2025

అమ్మా హెప్సిబా,

పట్టీ అందింది. దీనమ్మ ఎడమ మోకాలికి కట్టుకుంది. కుడిదానికి బిగుతుగా ఉందట.

నేను లేచి నిలబడేది భూమికి కాదు. కారణం రాస్తున్నాను. ఇది నా పెళ్లానికి కూడా చెప్పలేదు.

ఆ కారు మార్కాపురంలో లారీల బాడీలు కట్టే షెడ్డులో తయారైంది. ఆదినారాయణ మద్రాసులో చదువుకునే రోజుల్లో ఆ పందెం చూసి, ఇంక వేరే ఏదీ పట్టించుకోలేదు. వాళ్ల నాయన ఫియట్‌ను కోసి, రేకు కట్టించి ఎర్ర రంగు వేయించాడు. సాయంత్రాలు నేనూ షెడ్డుకు పోయేవాడిని. నంద్యాల ఘాటు రోడ్డు మీద దాన్ని నడిపి చూసింది మేమిద్దరమే. ఘాటులో నేను ఆయనకంటే బాగా తిప్పేవాడిని. అది ఆయనే అనేవాడు.

పందెంనాడు విడి టైర్లు నా లారీలో తీసుకుపోయాను. ఆయన జతగాడు కాలేజీ స్నేహితుడు. పందెం మొదలైన మూడు గంటలకే అతను వడదెబ్బ తగిలి ఆసుపత్రికి పోయాడు. ఆ తర్వాత ఆదినారాయణ ఒక్కడే దాదాపు ఆరు గంటలు నడిపాడు. లోపలికి వచ్చినప్పుడు అరచేతులు బొబ్బలెక్కి చిట్లిపోయాయి, చక్రం పట్టుకోలేకపోతున్నాడు. మేము అప్పటికి రెండో స్థానంలో ఉన్నాము. "ఏబేలూ, నా అంగీ తొడుక్కో" అన్నాడు. అంగీ, హెల్మెట్టు, కళ్లద్దాలు అన్నీ ఆయనవే. ఎవరూ గుర్తుపట్టలేదు.

ఆ నలభై ఒక్క చుట్లు నావి. నల్ల జెండా అంటే ఏందో నాకు తెలియదు. ఎవరికోసమో ఊపుతున్నారనుకున్నాను. నూనె కారుతున్న సంగతి కూడా తెలియదు. గడ్డిమోపుల దగ్గర జనం చేరింది చూశాను, కారు ఆగేదాకా ఎందుకో తెలియలేదు. ఆ డ్రైవరు చెయ్యి గురించి నేను రాయకపోవడం నీకు తప్పుగా కనిపించింది. నలభై ఎనిమిదేళ్లుగా నా ప్రార్థనలో ఉన్నది అదే.

విచారణకు పిలిచారు. నాకు పందెం లైసెన్సు లేదు. ఒక మనిషికి దెబ్బ తగిలింది కాబట్టి పోలీసు కేసు అవుతుందన్నారు. మరుసటి వారం నాకు ఆర్టీసీలో డ్రైవరు సెలక్షను ఉంది. ఆదినారాయణ నన్ను లారీ దగ్గరికి పొమ్మని ఒక్కడే లోపలికి పోయాడు. పది నిమిషాల్లో వచ్చినాడు. "పోదాం పా, ఊర్లో పని ఉంది" అన్నాడు. ఒంగోలు దాటేదాకా నాకు నిషేధం సంగతి చెప్పలేదు.

నువ్వు రాసిన పేజీ బాగుంది. పేరు ఒక్కటి మార్చు.

ఏబేలు


చెన్నై,
23 మార్చి 2025

పెదనాయనకు,

ఆ ఉత్తరంలో నేను రాసిన మాటలకు సిగ్గుపడుతున్నాను. క్షమించండి. ఇంతకంటే బాగా రాయడం రావడం లేదు.

ఆరో నంబరు డ్రైవరు గురించి రిజిస్టర్లన్నీ వెతికాను. చెయ్యి బాగయ్యాక 1979లోనూ, 1981లోనూ పందెంలో పాల్గొన్నాడు. రెండోసారి గెలిచాడు. 2011లో పెద్దవయసులో పోయాడు. ఇది మీకు తెలియదేమోనని రాస్తున్నాను.

వరదన్ గారికి మీ ఉత్తరం చదివి తమిళంలో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "బతికున్నవాళ్లు ఇద్దరూ సంతకం చేస్తే మారుద్దాం" అన్నారు. ఇన్నేళ్ల తర్వాత కేసు ఏమీ ఉండదట. ఆదినారాయణ గారి మీద నిషేధం రద్దవుతుంది. ఆ నలభై ఒక్క చుట్లు మీ పేరు మీదికి వస్తాయి. కాగితం పంపుతున్నాను. నిషేధం మీకు వేయాలా అని అడిగాను. ఆలోచిస్తామన్నారు.

పట్టీ కుడి మోకాలికే కట్టాలి. వదులు చేసుకునే వీలుంది, పక్కన గుడ్డ లాగితే ఊడుతుంది.

హెప్సిబా


రాచర్ల,
2 ఏప్రిల్ 2025

అమ్మా హెప్సిబా,

ఆ డ్రైవరు గురించి రాసినది రెండుసార్లు చదివి బైబిలులో పెట్టుకున్నాను.

కాగితం పట్టుకుని ఆదినారాయణ ఇంటికి పోయాను. శనగలు బస్తాలకు ఎత్తిస్తున్నాడు. పక్కకు తీసుకుపోయి చదివి వినిపించాను. విని, "నేను చెయ్యను" అన్నాడు.

"ఎందుకు, అన్నా?"

"రికార్డు ఎవరి పేరు మీదికి పోతాది?"

"నా పేరు మీదికి."

"అందుకే."

విషయం ఏమంటే, ఆ ఒక నిమిషం నలభై నాలుగు సెకన్ల సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసు. విచారణలో ఎవరో చెప్పారట. నాకు నీ ఉత్తరం వచ్చేదాకా తెలియదు. ఆయన మనవడు శివకృష్ణ ఇంజనీరింగు చదువుతున్నాడు, వాడు కాలేజీలో అందరికీ చెప్పుకున్నాడు. ఇంట్లో కారు ముందు నిలబడిన ఫోటో ఉంది, దాని కింద ఆ అంకెలు రాసి అద్దం కట్టించారు.

"నిషేధం నాకియ్యి, రికార్డు నువ్వే ఉంచుకో" అన్నాను.

"రెండూ ఒక్క కాగితంలోనే ఉండాయి గదా ఏబేలూ. ఎట్ల చింపేది?" అన్నాడు.

ఆయన భార్య సరస్వతమ్మ మజ్జిగ తెచ్చి, "ఏంది మీ పంచాయితీ?" అంది. ఇద్దరమూ ఏమీ లేదన్నాము. మజ్జిగ తాగి వచ్చేశాను.

ఇప్పుడు నాకు ఒకటి అర్థమైంది. నేను ఆయన దగ్గర తీసుకుంది ఉద్యోగం, ఆయన ఉంచుకుంది అంకె. అంకెను కూడా అడిగితే బాగుండదు. పేజీ ఎట్లా వేస్తావో నీ ఇష్టం.

ఏబేలు


చెన్నై,
10 ఏప్రిల్ 2025

పెదనాయనకు,

ఈ ఉత్తరం ఆదినారాయణ గారికి చదివి వినిపించండి.

అయ్యా, ఆగస్టు తొమ్మిదిన ఉత్సవం ఉంది. మైదానంలో మిగిలిన సగాన్ని ఆ ఒక్కరోజుకు అడిగి తీసుకున్నారు. పాత డ్రైవర్లు బతికున్నవాళ్లు పన్నెండు మంది. ఒక్కొక్కరూ ఒక చుట్టు నడుపుతారు, అప్పటి కార్లలో. నిషేధం ఉన్నవాళ్లు నడపకూడదని క్లబ్బు రూలు ఇంకా ఉంది. నిషేధం ఉన్నది మీ ఒక్కరికే. కాగితం మీద సంతకం చేస్తే మీ పేరు పదమూడోది అవుతుంది.

రికార్డు పోతుంది. కానీ చుట్టు దొరుకుతుంది. నేను అడిగేది అంతే.

పెదనాయనా, చదివేటప్పుడు ఆయన ముఖం ఎట్లా ఉందో రాయండి.

హెప్సిబా


రాచర్ల,
6 మే 2025

అమ్మా హెప్సిబా,

ముఖం ఎట్లా ఉందో చూడలేదు. చదువుతున్నాను కదా. అయిపోయి తలెత్తితే ఆయన అక్కడ లేడు. దొడ్లో ట్రాక్టరు దగ్గర నిలబడి ఉన్నాడు. పోతే, "క్లచ్చి ఎడమ కాలే గదా?" అని అడిగాడు.

సంతకం చేయడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. మొదట మనవణ్ణి పిలిపించి జరిగింది చెప్పాడు. ఆ పిల్లవాడు విని, "అయితే ఏబేలు తాత ఫోటో కూడా పెట్టాలి" అన్నాడట. అంతేనట. "దానికోసం ఇన్నేళ్లు భయపడినాను" అన్నాడు ఆదినారాయణ.

సరస్వతమ్మ మాత్రం నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నలభై ఏళ్లు కళ్లకు క్యారెట్ రసం తీసి ఇచ్చిందట.

శనగ కోసిన చేలో రోజూ పొద్దున్నే ట్రాక్టరు నేర్చుకుంటున్నాడు. నేను పక్కన మడ్‌గార్డు మీద కూర్చుంటున్నాను. ఇప్పటికి ఒక కంచె పోయింది. అది ఆయనదే.

సంతకాలు చేసిన కాగితం ఇందులో ఉంది. ఇద్దరమూ రైల్లో వస్తాము.

ఏబేలు


రాచర్ల,
19 ఆగస్టు 2025

అమ్మా హెప్సిబా,

క్షేమంగా చేరాము. నువ్వు కట్టించిన పులిహోర ఒంగోలులోనే అయిపోయింది. పుస్తకం మీ పెద్దమ్మ దగ్గర ఉంది. నా పేరున్న పేజీ దగ్గర పెన్సిలు పెట్టి, వచ్చినవాళ్లందరికీ అక్కడే తెరిచి చూపిస్తోంది. మిగతా పుస్తకంలో ఏముందో ఎవరికీ తెలియదు.

ఆరోజు నువ్వు గోడ దగ్గర నిలబడి చూశావు కాబట్టి బయట జరిగింది రాయను. కారులో జరిగింది నీకు తెలియదు. నువ్వు చరిత్ర రాసే మనిషివి, నీకు చెప్పకపోవడం తప్పవుతుంది.

పక్క సీట్లో నేను కూర్చున్నాను. బయలుదేరిన దగ్గర్నుంచి ఆయన ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు ఇంజిను తప్ప ఏమీ వినపడలేదు. ఆయన పెదాలు చూస్తే రోడ్డు చూడలేను, రోడ్డు ఆయన చూస్తాడని నమ్మకం లేదు. మొదటి మలుపు చాలా మెల్లగా తిప్పాడు. రెండో మలుపు ఇంకా మెల్లగా. వెనక వస్తున్న ముసలాయన హారను కొట్టి దాటిపోయాడు. నువ్వు చప్పట్లు కొట్టినావు, చూశాను.

మూడో మలుపు దగ్గర బండి పక్కకు తీసి ఆపాడు. మీరంతా బండి చెడిపోయిందనుకుని పరిగెత్తబోయారు. చెడిపోలేదు. ఇంజిను బందు చేసి, నా చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"ఆ పొద్దు నేను గోడ మీదికెక్కి పలక చూపించినా. నీ లారీలోదే ఆ పలక. సుద్దముక్కతో తెలుగులో 'రా' అని రాసినా, ఇంత పెద్ద అక్షరం. పది చుట్లు పట్టుకోని నిలబడినా. కనపడలేదా నీకు?"

ఇన్నేళ్లలో ఆయన ఇది అడగలేదు. నేను నీకు రాసిన ఉత్తరంలో కూడా పలక సంగతి రాయలేదు. జెండా తెలియదన్నది నిజమే. పలక తెలుసు.

"కనపడింది" అన్నాను.

"మొదటిసారే?"

"మొదటిసారే."

మిగతాది కూడా నేనే చెప్పాను. అంతకు ముందు నేను నడిపిన ప్రతి బండీ ఎవరిదో సరుకుతో ఎక్కడికో పోవాలి, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాలి. ఆరోజు సరుకు లేదు, ఊరు లేదు. లోపలికి వస్తే అంగీ విప్పాలి. ఇంకొక్క చుట్టు, ఇంకొక్క చుట్టు అనుకుంటూ పోయాను. ఆ మనిషి చెయ్యి విరుగుతుందని తెలిసుంటే మొదటిసారే ఆగేవాడిని. తెలియదు. కానీ రమ్మన్నారని తెలుసు.

ఆదినారాయణ మళ్లీ చక్రం మీద చేతులు పెట్టాడు.

"నేనైనా రాకపోదును" అన్నాడు.

తర్వాత ఇంజిను స్టార్టు చేశాడు. నాలుగోసారికి అందుకుంది. మిగతా చుట్టు ఒక్కడే మాట్లాడుకుంటూ నడిపాడు, నేను తలూపుతూ కూర్చున్నాను. మొత్తం ఎంతసేపు పట్టిందో టైము చూసినవాళ్లను అడిగి రాయి, ఆయన తెలుసుకోవాలంటున్నాడు.

పుస్తకం రెండోసారి వేస్తే పలక సంగతి చేర్చు. ఆయనను అడిగాను, అభ్యంతరం లేదన్నాడు.

ఏబేలు